దోమతెరలాయన

పెంచి చెప్పే జబ్బు నాకుందని ముందే ఒప్పుకుంటున్నాను. నా నోట్లో పడితే అలిపిరి మెట్లు కూడా రెట్టింపవుతాయి.

తిరుపతి బస్టాండులో కార్వేటినగరం బస్సు కోసం కూర్చున్నాను. పక్కన దోమతెరలు అమ్మే ఆయన, ఒళ్లో శేషాచలమంత మూట. నా చేతిలోని పేపరు వైపు చూసి, "దోమల గురించి ఏం రాసినారన్నా?" అన్నాడు.

"దోమలోకి ఏదో సూక్ష్మజీవిని ఎక్కించి వదుల్తారంట. అది కుట్టినా డెంగీ అంటుకోదంట. దాని పిల్లలూ అంతేనంట. ఇంక నీ తెరలు ఎవురు కొంటారప్పా?"

ఆయన నవ్వలేదు. "దుప్పట్లు అమ్ముకుంటాలే. నా బిడ్డ వేలూరు ఆస్పత్రిలో డెంగీతో పడుండాది. ఊరందరికీ తెరలిచ్చినా. పగటిపూట కుట్టే దోమకి తెర యాడ కట్టేదన్నా?"

అప్పుడే ఆయన ముంజేతి మీద పిచ్చుకంత దోమ వాలింది. నేను పేపరు ఎత్తాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండన్నా. నువ్వు చెప్పిన రకమేమో."

"అవింకా ఈడికి రాలేదప్పా."

"వచ్చినాక మాత్రం ఎట్ల గుర్తుపడతాం?" అంటూ దాన్ని మెల్లగా ఊది పంపేశాడు. అంతలో వేలూరు బస్సు రావడంతో మూటెత్తుకుని ఎక్కేశాడు.

ఇప్పటికీ దోమ వాలితే నా చెయ్యి కొంచెం ఆగి లేస్తుంది.

నెల తర్వాత అదే బస్టాండులో ఆయన కనబడి, బిడ్డ బడికి పోతోందని చెప్పాడు.

మెట్లు, మూట, పిచ్చుక, ఇవన్నీ పెంచినవే. కల్పించింది మాత్రం ఆ బడి మాట. వేలూరు బస్సెక్కాక ఆయన మళ్లీ నాకు కనబడలేదు.