పెద్దింట్లమ్మ రాత్రిపూట పళ్ళు తోముకుంది

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే, ఉప్పుటేటి ఒడ్డున ఒక జాలరి వీధి ఉంది. ఆ వీధికి తెల్లవారేది కోడి కూస్తే కాదు, పెద్దింట్లమ్మ పుక్కిలిస్తే. చేపలమ్ముకునే మనిషి కాబట్టి అందరికన్నా ముందు లేచేది. గుమ్మం ముందున్న రాతి పలక మీద గొంతుక్కూర్చుని, ఊకబొగ్గూ ఉప్పూ కలిపి నూరిన పొడితో పళ్ళు తోమేది. తోమడం మామూలుగానే ఉండేది. పుక్కిలించడమే వేరు. గొంతులో చెంబెడు నీళ్ళు గలగలలాడించి, కాండ్రించి, వీధి నడిమికి వెళ్ళేట్టు ఉమ్మేది. ఆ చప్పుడుకి మగవాళ్ళు లేచి వలలు భుజాన వేసుకునేవారు. ఆడవాళ్ళు పొయ్యిలు రాజేసేవారు. కుక్కలు దారి ఇచ్చేవి.

ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చినా అలారం పెట్టుకునేవాళ్ళు తక్కువ. "ఫోనుకి చార్జింగ్ అయిపోద్ది. మా వదినకి అవదు" అనేవాడు ఎదురింటి చంద్రరావు. అతను పెద్దింట్లమ్మకి మరిది. ఆమెకన్నా చిన్నవాడే గానీ నోట్లో ఒక్క పన్ను లేదు. అతను పీతల కూర ముందు కూర్చున్నప్పుడల్లా పెద్దింట్లమ్మ ఎదురుగా వచ్చి, పీత డెక్కని దవడకి వేసి టప్పుమని పగలగొట్టి చూపించేది.

అలాంటి మనిషికి ఎడమ దవడ పన్ను నొప్పి పట్టుకుంది. లవంగం నొక్కింది, ఉప్పునీళ్ళు పట్టింది, తువ్వాలు తల చుట్టూ తిప్పి బిగించింది. నోరు పెగలక, ఆ రోజు ఎవరు ఏ ధర అడిగితే ఆ ధరకి తలూపి చేపలిచ్చేసింది. కొన్నవాళ్ళకి అనుమానం వచ్చింది. పెద్దింట్లమ్మ బేరమాడలేదంటే చేప పాడై ఉంటుందని మొప్పలెత్తి వాసన చూశారు. మర్నాడు కోడలు బేబీ ఆమెను షేర్ ఆటో ఎక్కించి నరసాపురంలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు తేజస్వి చిన్న వయసు మనిషి. నోరంతా లైటు వేసి చూసింది.

"ఈ పన్ను లోపలంతా డొల్ల అయిపోయిందండి, తీసెయ్యాలి. దాని పక్కదానికి ఇప్పుడిప్పుడే గుంట పడింది. సిమెంటు పెడతాను. జాగ్రత్తగా ఉంటే నిలుస్తుంది. లేదంటే అదీ పోతుంది. ఇక ఆ వైపు నమలడానికి ఏమీ ఉండదు."

పెద్దింట్లమ్మకి కళ్ళముందు చంద్రరావు బోసినోరు కనపడింది. "నిలబెట్టమ్మా, నీకు పుణ్యముంటది" అంది.

పని అయ్యాక, రాత్రి పడుకునే ముందు ఏం తింటారని అడిగింది డాక్టరు.

"ఏం తిననమ్మా. జీడి ఒకటి బుగ్గన పెట్టుకుంటాను, అంతే."

"బెల్లం పాకంతో చేసే జీడేనా? అది తినడమే కదండీ."

"నమిలితే తినడం. నేను నమలను. దానంతటదే కరిగిపోద్ది."

"ఎంతసేపటికి కరుగుతుంది?"

"నాకేం తెలుసు? నిద్రపోతుంటాను గదా!"

బేబీ మొహం గోడవైపు తిప్పుకుంది. తేజస్వి మాత్రం నవ్వకుండా చెప్పింది. ఆ పాకం రాత్రంతా పళ్ళని అంటుకుని ఉంటుంది, నోట్లో క్రిములు దాన్ని తిని పులుపు పుట్టిస్తాయి, ఆ పులుపే పంటిని తొలుస్తుంది. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి కడిగే నీరు కూడా ఉండదు. జీడి మానెయ్యాలి. పొడి గరుకు, అదీ మానెయ్యాలి. మెత్తటి బ్రష్షు మీద బఠాణీ గింజంత పేస్టు పెట్టి పొద్దున్న ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తోమాలి. ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు.

"రాత్రా? రాత్రిపూట నా పళ్ళు ఎవరు చూస్తారమ్మా?"

"క్రిములు చూస్తాయండి."

ఆ మాట పెద్దింట్లమ్మకి బాగా నాటింది. పన్ను తీసిన పుండు మానాక మొదలుపెట్టమన్నారు. మానింది.

ఆమె మొదలుపెట్టిన రోజు సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. టీవీలు లేవు, ఫ్యాన్లు లేవు. వీధివీధంతా చీకట్లోనే తిని, పెందలాడే పడుకుంది. పెద్దింట్లమ్మ బ్రష్షు పట్టుకుని బయటికి వచ్చింది.

"ఇంట్లో తొట్టి దగ్గర తోముకోవచ్చుగా అత్తా" అంది బేబీ.

"ఇంట్లో ఉమ్ముతారేంటే? లచ్చిమి పోద్ది."

రాతి పలక మీద కూర్చుని, క్రిములు ఎక్కడ దాక్కున్నాయో అని మూలమూలా తోమింది. తర్వాత అలవాటు ప్రకారం చెంబెత్తి పుక్కిలించింది. లోపలికి వెళ్ళి హాయిగా పడుకుంది.

ఎదురింట్లో నులకమంచం మీద చంద్రరావు దిగ్గున లేచాడు. "అప్పుడే తెల్లారిపోయిందే!" అంటూ వల భుజాన వేసుకుని, పక్కింటి దుర్గాసాయిని తట్టి లేపాడు. దుర్గాసాయి ఫోను చూసుకున్నాడు.

"బాబాయ్, ఇంకా తొమ్మిది కూడా అవలేదు."

"నీ ఫోను ఏట్లో పడలేదా మొన్న? దానికేం తెలుసు? మీ పెద్దమ్మ పుక్కిలించింది, నా చెవులతో విన్నాను."

ఫోను ఏట్లో పడిన మాట నిజమే. దుర్గాసాయి లుంగీ బిగించాడు. వాళ్ళ అలికిడికి మరో నాలుగిళ్ళు లేచాయి. చంద్రరావు భార్య పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టి, అన్నం తిన్న కడుపు ఇంకా బరువుగా ఉందేంటని ఓమ నమిలింది. మగవాళ్ళు ఏటి దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు లాగేసి ఉన్నాయి. పడవలు బురదలో కూర్చున్నాయి.

"పోటు రావాలి గదా ఈపాటికి!" అన్నాడు దుర్గాసాయి.

"వాన పడింది గదా, దారి తప్పుంటది. తొయ్యండి!" అన్నాడు చంద్రరావు.

మోకాళ్ళ దాకా దిగబడి తోస్తూ ఉండగా ఊళ్ళో కరెంటు వచ్చింది. ఎవరో కట్టకుండా వదిలేసిన టీవీలో రాత్రి సీరియల్ పాట గట్టిగా మోగింది. పడవ తోస్తున్నవాళ్ళు తోస్తున్నట్టే ఆగిపోయారు. ఆ సీరియల్ పొద్దున్న రాదని చంద్రరావుకి కూడా తెలుసు.

మర్నాడు అందరూ పెద్దింట్లమ్మ గుమ్మం ముందుకి వచ్చారు.

"వదినా, నీ పన్ను కోసం మేం బురదలో దిగాలా? రాత్రి తోమడం మానెయ్."

"మానేస్తే ఇది కూడా ఊడి నీలా అయిపోతాను."

"పోనీ చప్పుడు చెయ్యకుండా పుక్కిలించు పెద్దమ్మా" అన్నాడు దుర్గాసాయి.

నలుగురూ చూస్తుండగా ప్రయత్నించింది. గొంతు నొక్కిపట్టేసరికి నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి, కొన్ని చంద్రరావు చొక్కా మీద పడ్డాయి. అందరూ నవ్వారు, చంద్రరావు తప్ప. పెద్దింట్లమ్మ మొహం తుడుచుకుంది. నాలికతో సిమెంటు పన్నుని ఒకసారి తడిమి చూసుకుంది. ఇది వదిలే మాట లేదు.

"నేనొక్కదాన్నే తోమితే తెల్లారిందనుకుంటున్నారు. మీరూ తోమండి. మెలకువగా ఉన్నోణ్ణి ఎవరు లేపుతారు?"

"నాకు పళ్ళే లేవు గదా!" అన్నాడు చంద్రరావు.

"చిగుళ్ళు లేవా? నాలిక లేదా? అదేగా నీకు అన్నిటికన్నా పెద్దది."

బేబీ లోపల్నించి పకపకా నవ్వింది. ఆ రాత్రి వీధంతా ఏమీ కదిలి రాలేదు. బేబీ, ఆమె పిల్లలు, దుర్గాసాయి బయటికి వచ్చారు. ఒక పెద్దావిడ చూడ్డానికి వచ్చి, చూసి వెళ్ళిపోయింది. చంద్రరావు చివర్న వచ్చాడు. తడిగుడ్డ వేలికి చుట్టుకుని చిగుళ్ళు రుద్దుకున్నాడు, నాలిక గీసుకున్నాడు, చెంబెత్తి పుక్కిలించాడు. పళ్ళు అడ్డం లేకపోవడం వల్లనేమో, ఆ చప్పుడు పెద్దింట్లమ్మని మించిపోయింది. ఏటి అవతల కుక్కలు మొరిగాయి.

పెద్దింట్లమ్మ బ్రష్షు నోట్లోంచి తీసింది.

"చాల్లే చంద్రరావూ, అవతలి ఊరోళ్ళు పడవలేసుకొచ్చేస్తారు!"