బాబాయి తోట గేటూ, నా ఇంజనీరింగూ

డిప్లొమా కాగితం చేతికొచ్చిన ఆ కొత్త రోజుల్లో, నాకు తెలియని విషయం ఏదైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని నా గట్టి నమ్మకం. ఫోనులో వెల్డింగు వీడియోలు పదకొండు చూశాను (పన్నెండోది జాగ్రత్తల గురించి, బోరు కొట్టి ఆపేశాను). సరిగ్గా అప్పుడే ఆగిరిపల్లి దగ్గర బాబాయి మామిడితోట గేటు కీలు విరిగి ఒరిగిపోయింది. రెండు రోజుల్లో కోత. ఈలోగా ఊళ్ళో గేదెలన్నీ దూరి, చేతికందే బంగినపల్లి కాయల్ని తీరిగ్గా నములుతున్నాయి. "మాస్కు మావయ్యని పిలుస్తాన్రా" అన్నాడు బాబాయి. రోడ్డు మీద వెల్డింగు షాపాయనకి మా ఊరు పెట్టిన పేరది, ముఖానికి మాస్కు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. "ఇంట్లో ఇంజనీరుని పెట్టుకుని బయటివాళ్ళెందుకు బాబాయ్?" అన్నాను. పాపం, బాబాయి నమ్మాడు.

మోటారు షెడ్డులో బాబాయి కొని ఇంకా వాడని కొత్త ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను ఉంది. గేటు దాకా కరెంటు తేవడానికి తీగచుట్ట దొరికింది; సగం విప్పితే సరిపోయింది, మిగతా సగం చుట్టలాగే ఉంచాను. ప్లగ్గుకి మూడో పిన్ను అడ్డొస్తోందని ప్లయరుతో పీకేశాను (పెద్ద చదువు కదా). మిషను తీగ చివరున్న క్లాంపుని గేటు ఆకుపచ్చ రంగు మీదే తగిలించి వెల్డింగు రాడ్డు ఎంత గీకినా మిణుగురంత నిప్పు కూడా పుట్టలేదు. "రంగు మీద కరెంటు పట్టుద్దంటావా?" అన్నాడు బాబాయి. "ఇది సైన్సు బాబాయ్" అని కరెంటు పెంచే నాబ్‌ని చివరిదాకా తిప్పాను. అయినా రాలేదు. ఆయన మాట విన్నట్టు కనపడకుండా కాస్త రంగు గీకి క్లాంపు మార్చాను. నాబ్ తగ్గించడం మర్చిపోయాను. ఒక్క చుక్కే కదా అని మాస్కూ పెట్టుకోలేదు.

రాడ్డు ఆనించగానే పిడుగు పడ్డట్టయింది. కీలు అతకలేదు కానీ గేటుకి నిమ్మకాయ పట్టేంత కన్నం పడింది. రవ్వలు ఎండుటాకుల్లో పడి మంట లేచింది, అటు తీగచుట్ట పొగలు కక్కుతోంది, మంట చూస్తుండగానే కాయలతో వంగిన కొమ్మ వైపు పాకుతోంది. బాబాయి నీళ్ళ బిందె ఎత్తాడు. మజ్జిగ తెస్తున్న పిన్ని గిన్నె అక్కడే వదిలేసి, "ఏవండీ, ఆగండి! కరెంటు ఆపకుండా నీళ్ళేంటి!" అని కేకేసి షెడ్డులోకి పరుగెత్తి మెయిన్ లాగేసింది. "ఇప్పుడు పొయ్యండి!" కొమ్మ అందేలోపే మంట ఆరింది. పిన్ని చదువు ఏడో తరగతి. ఇంజనీరు అప్పటికే గట్టెక్కి నిలబడ్డాడు.

మాస్కు లేకుండా ఆ వెలుగు చూసినందుకు సాయంత్రానికి నా కళ్ళలో కారం కొట్టినట్టయింది. డాక్టరు చుక్కల మందిచ్చి, రెండు రోజులు వెలుతురు చూడొద్దన్నారు. మర్నాడు మాస్కు మావయ్య వస్తుంటే, కళ్ళకి తడి తువ్వాలు కట్టుకుని బాబాయి బండి వెనకెక్కి వెళ్ళి చెట్టుకింద కూర్చున్నాను. ముందు చీపురు చప్పుడు వినపడింది. "ఆకులు ఊడ్చాకే మిషను అల్లుడూ" అన్నాడాయన. "తీగచుట్ట మొత్తం విప్పాల, లేకపోతే వేడెక్కుద్ది. మూడో పిన్ను అలంకారానికి కాదు, ప్రాణానికి. ఇది సన్న రాడ్డు కదా, నాబ్ ఎనభై దగ్గర మొదలెట్టి, పాత ముక్క మీద చూసుకుని అప్పుడు గేటు ముట్టుకోవాల." తర్వాత చిటపటమని సన్నటి చప్పుడు, అంతే. కీలు అతికింది. నా కన్నానికి రేకు ముక్క కూడా పడింది.

"ఇవన్నీ ఎవరు నేర్పారు మావయ్యా?" అన్నాను వినయంగా (ఆ రోజే పుట్టిన వినయం).

"మిషనుతో పుస్తకం ఇస్తారు కదయ్యా. నువ్వు చదవలా?"

ఆ ఏడు కోత సజావుగానే జరిగింది. నేను తర్వాత ఆయన దగ్గరే మూడేళ్ళు పని నేర్చుకుని, నూజివీడులో సొంత షాపు పెట్టుకున్నాను. ఇప్పుడు చిన్న చుక్క పెట్టాలన్నా ఊడుస్తాను, గీకుతాను, పిన్నులు లెక్కపెడతాను. "ఇంత దానికి ఎంత హంగామా అండీ!" అని విసుక్కుంటారు జనం. నేను చీపురు వదలను. ఆ డిప్లొమా కుర్రాడు ఎదురైతే చెవి మెలేద్దామనే ఉంటుంది. కానీ ఏమీ తెలియకుండా అంత హుషారుగా గేటు దాకా నడిచాడే, ఆ నడక నాకిప్పుడు ఎంత ప్రయత్నించినా రావడం లేదు.