చిలక్కొయ్యకి తగిలించిన తాంబూలం

తాంబూలం ఇవ్వడానికి ఎవరైనా పెళ్ళే వద్దనుకున్నవాళ్ళ ఊరికి వెళ్తారా? నేను వెళ్ళాను. తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

షేకర్లని, ఒకప్పటి క్రైస్తవ భక్తులు. ఆడా మగా అక్కాతమ్ముళ్ళలా ఒకే కప్పు కింద ఉండి, కలిసి వ్యవసాయం చేసుకుంటూ, పెళ్ళిళ్ళు లేకుండా, సొంత ఆస్తంటూ లేకుండా బతికారు. వాళ్ళ ఊరొకదాన్ని మ్యూజియం చేశారు. ఆనాటి బట్టలేసుకున్న మనుషులు ఆనాటి పనులు చేసి చూపిస్తారు. మాంట్రియల్లో మా ఇంటి నుంచి బోర్డర్ దాటి కొన్ని గంటల డ్రైవ్. మా అమ్మాయి చేసుకుంటానన్న అబ్బాయి వాళ్ళమ్మకి అక్కడే ఉద్యోగం.

అబ్బాయి మంచివాడే. మొదట్లో నేను ముక్కు చిట్లించినా, చివరికి సరేనన్నాను. కానీ వాళ్ళమ్మ దగ్గర్నుంచి ఒక ఫోను లేదు, ఒక పలకరింపు లేదు. "షీ ఈజ్ జస్ట్ షై, మామ్" అంటుంది మా అమ్మాయి. సిగ్గో, నా పిల్లంటే ఇష్టం లేకో ఎవరు చూడొచ్చారు? ఆవిడ నా చేత్తో తాంబూలం పుచ్చుకుంటే పిల్లని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నట్టు. అది చూస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు. పట్టుచీర, జాకెట్టుముక్క, పసుపుకొమ్ములు, వక్కలు, కుంకుమభరిణె ఒక సంచిలో సర్దాను. పళ్ళూ తమలపాకులూ బోర్డర్లో తీసి పారేస్తారని మావారు గోల పెడితే అవి మానేశాను.

ఆయన డ్రైవింగు, పక్కన అబ్బాయి, వెనక నేనూ అమ్మాయీ. దారిలో ఆ అబ్బాయి వెనక్కి తిరిగి చెప్పాడు పాపం. "ఆంటీ, సాయంత్రం గంట కొట్టేదాకా మా అమ్మ మా అమ్మ కాదు. అక్కడి సిస్టర్. విజిటర్స్ ముందు ఆ వేషంలోంచి బయటికి రాకూడదు, రూల్. డిన్నర్‌కి ఇంటికి వెళ్తాం కదా, అప్పుడివ్వండి."

అప్పుడెలా ఇస్తాను? ఫోన్లో పంచాంగం చూసుకునే బయల్దేరాను. నాలుగు దాటితే వర్జ్యం, అది వదిలేసరికి రాహుకాలం. పైగా ఇక్కడి ఎండాకాలంలో పొద్దుతో పాటు రాహుకాలం కూడా సాగుతుంది. "వర్జ్యంలో ఇస్తే ఇచ్చినట్టే ఉంటుంది" అన్నాను. మా అమ్మాయి కిటికీ వైపు తిరిగింది.

అక్కడ పెద్ద ఇంటికి రెండు గుమ్మాలు, ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. "ఈ ఏర్పాటు బాగుందే" అని మావారు నవ్వుకుంటూ మగవాళ్ళ గుమ్మంలోంచి వెళ్ళారు. లోపల గది చుట్టూరా గోడలకి చిలక్కొయ్యలు. టోపీలు, చీపుళ్ళు, ఆఖరికి కుర్చీలు కూడా వాటికే తగిలించి ఉన్నాయి. మధ్యలో బూడిదరంగు గౌను, తెల్లటి టోపీ పెట్టుకుని అబ్బాయి వాళ్ళమ్మ చిక్కుడు గింజలు వలుస్తోంది. చుట్టూ పదిమంది విజిటర్లు.

గడియారం చూశాను. ఆగలేదు. "మామ్, ప్లీజ్, నాట్ నౌ" అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని మధ్యలోకి వెళ్ళి బొట్టు పెట్టేశాను. ఆవిడ ఉలిక్కిపడింది గానీ తల వంచింది. సంచి చేతుల్లో పెట్టి, "ఫర్ ది మ్యారేజ్" అన్నాను, నవ్వుతూ.

ఆవిడ ఒక్క క్షణం నన్నే చూసింది. "మా ఇంట్లో పెళ్ళిళ్ళు ఉండవు, సిస్టర్. ఇక్కడ ఏదీ ఒకరి సొంతం కాదు" అని మెల్లగా లేచి, సంచి ఒక చిలక్కొయ్యకి తగిలించి, మళ్ళీ గింజల ముందు కూర్చుంది. జనం గొల్లుమన్నారు. ఎవరో ఫోన్లో వీడియో కూడా తీశారు.

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నాటకమని తెలుసండీ, తెలియక కాదు. తాంబూలం దగ్గర కూడా నాటకమేనా? కన్నైనా గీటచ్చుగా! ఇష్టం లేని మనిషికి వేషం బాగానే కలిసొచ్చింది అనుకున్నాను. కోపమొస్తే నాకు ముందూ వెనకా కనపడవు.

అందరూ ఆవిడ వెనకే పశువులశాల చూడ్డానికి బయల్దేరారు. మంచినీళ్ళ సీసా మర్చిపోయానని నేను వెనక్కొచ్చాను. గదిలో ఎవరూ లేరు. సంచి తీసి, చున్నీ కింద దాచి, గబగబా పార్కింగ్‌కి నడిచాను. కారు తాళాలెప్పుడూ నా దగ్గరే ఉంటాయి. డిక్కీలో పెట్టి మూత వేశాను. ఇచ్చిన తాంబూలం వెనక్కి తీసుకోవడమంటే సంబంధం వద్దని చెప్పడమే. మా ఇళ్ళలో పగవాళ్ళు కూడా చెయ్యరు. నేను చేశాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ కాసేపూ నాకు హాయిగానే ఉంది.

గంట కొట్టారు. పనివాళ్ళంతా బయటికొచ్చారు, ఆవిడ తప్ప. అబ్బాయి వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. "అమ్మ ఏదో వెతుకుతోందట" అన్నాడు. అందరం లోపలికి వెళ్ళాం.

ఆవిడ నేల మీద మోకాళ్ళ మీద ఉంది. టోపీ ఊడిపోయింది, నెరిసిన జుట్టు మొహం మీద పడింది. బల్లల కిందా పెట్టెల వెనకా చేతులు పెట్టి వెతుకుతోంది. నన్ను చూడగానే లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

"తాంబూలమంటే ఏమిటో మావాడు నాకు ముందే చెప్పాడు. అది తీసుకుంటే మీ అమ్మాయి మా ఇంటి పిల్లయినట్టే అన్నాడు. గంట ఎప్పుడు కొడతారా అని చూస్తూనే ఉన్నాను. నా చేత్తో నేనే ఇక్కడ తగిలించాను. పోగొట్టేశాను. నన్ను క్షమించండి."

నేను పెట్టిన బొట్టు ఆవిడ నుదుటి మీదే ఉంది. గంట కొట్టేదాకా అంతమంది ముందు తిరిగి కూడా చెరుపుకోలేదు.

డిక్కీలో ఉందండీ, నేనే తీశాను. చెప్పాల్సింది ఇంతే. కానీ తేలు కుట్టిన దొంగలా నిలబడి, "నేనూ చూసొస్తాను" అన్నాను. పార్కింగ్‌కి వెళ్ళి సంచి తెచ్చాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఎంతమందికి నీతులు చెప్పానో!

"ఎక్కడ దొరికింది?" అంది ఆవిడ, సంచి గుండెలకి హత్తుకుని.

"బయట" అన్నాను. వర్జ్యమో రాహుకాలమో, గడియారం వైపు కూడా చూడలేదు. ఆవిడ నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఆవిడ భుజం మీద నుంచి చూస్తే, మా అమ్మాయి నా చేతిలో కారు తాళాల వంక చూస్తోంది.

ఇంటికొచ్చే దారంతా అది ఒక్క ముక్క మాట్లాడలేదు. అడిగితే బాగుండేది. తిట్టినా బాగుండేది.

మొన్న వేసవిలో మాంట్రియల్లోనే పెళ్ళి చేశాం. మా వియ్యపురాలు ఆ చీరే కట్టుకుంది, కుచ్చిళ్ళు నేనే పెట్టాను. రిసెప్షన్లో మైకు తీసుకుని, సిగ్గుపడుతూనే, అందరికీ ఆ కథ చెప్పింది. తను పోగొట్టిందట, నేను కష్టపడి వెతికి తెచ్చానట, ఇంత మంచి మనిషి ఇంటి పిల్ల దొరకడం తన అదృష్టమట. హాలంతా చప్పట్లు.

స్టేజి మీద మా అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది, నా వైపు చూడకుండా.