నీళ్ళు తాగి గట్టిపడిన స్లాబు

నైవేద్యానికి బెల్లం పాకం పెడుతుంటే, ఆ వాసనకు ఇప్పటికీ కరీం మేస్త్రిగారే గుర్తొస్తారు. మా డాబా మీద ఆయన సున్నంలో కలిపింది బెల్లమూ, కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ. బడి మొహం చూడకుండా ఇంట్లోనే నాన్నగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్న నాకు ఆ డాబా రెండో బడి.

తొంభైల్లో మేము కంచరపాలెంలో అద్దెకుండేవాళ్ళం. వేసవిలో స్లాబు కింద గదిలో అమ్మ నుదుటిమీద తడిగుడ్డ వేసుకుని పడుకునేది. పైన మట్టి పరిచి మొక్కలు పెంచితే గది చల్లబడుతుంది, దేవుడికి పూలూ దొరుకుతాయని నా ఆశ. ఇల్లుగల నాయుడుగారు ఒప్పుకోలేదు.

"ఏటమ్మా, నా స్లాబు మీద అడివి పెంచుతావేటి? ఏర్లు దిగి పగిలిపోద్ది. నీళ్ళు కారితే నానేటి సేసేది?"

ఆ స్లాబు పోసింది వన్‌టౌన్ నుంచి వచ్చే కరీం మేస్త్రిగారే. ఆ రోజు గోడ పూతకు వచ్చినాయన, తాపీ కింద పెట్టారు.

"బావా, స్లాబు పోసిన్నాడు మడులు కట్టి నీళ్ళు నిలబెట్టినాం, మర్సిపోనావా? నీళ్ళు తాగే గట్టిపడింది. భయం దానికి కాదు, నీకు."

"కారితే?"

"మొక్కలు పీకేసి నా సేతుల్తో బాగుసేత్తాను. మరి ఈ ఈదిలో తాపీ పట్టను."

నా కోరిక కోసం ఆయన తన పేరునే పందెం పెట్టారు. నాయుడుగారు సరేనన్నారు. స్లాబులోకి చెమ్మ దిగకుండా డాబా మీద వేసే సున్నం పూత పూర్తవుతుండగా, నీళ్ళు దిగే గొట్టం చుట్టూ పూయడం నాకు అప్పగించారు. సంధ్యాదీపానికి వేళయిందని నేను సగంలో వదిలేసి వెళ్ళాను. తర్వాత గొట్టం మూసి, చుట్టూ మట్టిగట్టుతో మడి కట్టి, వారం రోజులు నీళ్ళు నిలిపారు. మూడోనాడు కింద గదిలో కొత్తగా వెల్లవేసిన పైకప్పులో, గొట్టం పక్కనే, అరచేతంత చెమ్మ.

"అదిగో, నాను అన్నాను కదా," అన్నారు నాయుడుగారు.

"తప్పు నాదే బావా. ఇంకో వారం ఇయ్యి," అన్నారు మేస్త్రిగారు, నా వైపు చూడకుండా.

డాబా మీద నాతో మాత్రం మెల్లగా అన్నారు: "దేవుడు కాసేపు ఆగుతాడమ్మా. సున్నం ఆగదు."

ఈసారి ఆ పూత చివరిదాకా నేనే వేశాను. రెండో వారమంతా దేవుడి పటం కన్నా పైకప్పునే ఎక్కువగా చూశాను. చెమ్మ లేదు. మట్టి పరిచి మొక్కలు నాటాం. ఆ ఏటి తుఫాను వానకూ ఒక్క చుక్క దిగలేదు. మరుసటి వేసవిలో అమ్మ తడిగుడ్డ దండెం మీదే ఉండిపోయింది. నాయుడుగారు పొద్దున్నే మందారాలకు వచ్చి, వీధిలో వాళ్ళందరికీ చెప్పేవారు: "నా స్లాబు నీళ్ళు తాగే గట్టిపడింది మరి."

కొన్నేళ్ళకు ఆ వీధిలో ఐదు డాబాలు పచ్చబడ్డాయి. ఐదింటికీ పూత మేస్త్రిగారిదే. గొట్టాల చుట్టూ మాత్రం నాది. ఇప్పటికీ చేతిలో పని సగంలో ఉంటే, అది ముగించాకే దీపం వెలిగిస్తాను. వెలిగించాక మొదటి నమస్కారం మేస్త్రిగారికే.