రాజమణక్కతో మధ్యాహ్న భోజనం

పక్కింట్లో టమాట పప్పుకు పోపు వేస్తే ఆ వాసన గోడ దాటి నా కుట్టుమిషన్ దాకా వస్తుంది. అప్పుడు రాజమణక్క గుర్తొస్తుంది. కడుపులోకి మందునీళ్ళు ఎక్కించి, కొన్ని గంటలకు దించేసి ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ నాకు నేర్పిన నర్సు ఆమె. నెలకోసారి హైదరాబాద్ నుంచి బస్సులో మెదక్ వచ్చి నన్ను చూసి వెళ్ళేది.

అట్లా ఇంట్లో చేసుకోవడం మొదలుపెట్టిన రెండో యేడు నా కాళ్ళు బలం తప్పాయి. మిషన్ తొక్కుతుంటే నాలుగు కుట్లకే తొడలు బరువెక్కేవి. రోగం ముదిరిందనుకున్నాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అమ్మ పోయాక ఆ కిరాయి ఇంట్లో నేనొక్కదాన్నే. జాకెట్లు కుట్టమని ఇచ్చినవాళ్ళకు రేపు, ఎల్లుండి అంటూ రోజులు నెట్టాను.

రాజమణక్క వచ్చిన రోజు నేల మీద నుంచి లేవబోయి గోడ పట్టుకున్నాను. ఆమె చూసింది.

"ఎన్ని దినాల సంది గిట్లుంది చెల్లె?"

"నెల అయితుందక్కా."

"ఏం తింటున్నవ్?"

"అన్నం, కూర."

ఆమె వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసింది. చల్లారిన అన్నం, పక్కన కాసిన్ని మజ్జిగ. గోడకు తినకూడని వాటి చీటీ: టమాట, అరటిపండు, ఆకుకూర, కొబ్బరినీళ్ళు. మొదట్లో మూడు నెలలు దవాఖానలో మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకున్నప్పుడు అక్కడివాళ్ళు రాసిచ్చిన చీటీ అది. పద్ధతి మారినా ఆ చీటీ నేను తీయలేదు.

"గప్పుడు పొటాషియం ఎక్కువైతదని వద్దన్నరు. గిప్పుడు దినాం నాలుగుసార్లు నీళ్లు మారుస్తున్నవ్. ఆ నీళ్లతోనే అది బయటికి పోతది. తిండే లేకపోతే మళ్ల ఏడికెల్లి వస్తది?"

డాక్టరుకు ఫోన్ చేసి, ఆ పూటే నన్ను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందని, కాళ్ళు బలం తప్పింది అందుకేనని తేలింది. ఈసీజీ తీశారు. కొన్నాళ్ళు సిరప్ తాగించారు, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసి మోతాదు మార్చారు. ఏది ఎంత తినాలో కొత్తగా రాసిచ్చారు. మెల్లగా మిషన్ తొక్కగలిగాను.

"కూర తింటున్ననని నాకు అబద్ధం ఎందుకు చెప్పినవ్?" అని మరుసటి నెల అడిగింది.

"ఒక్కదానికోసం వండబుద్ధి కాదక్కా" అన్నాను.

మందలిస్తుందనుకున్నాను. ఆమె సంచిలోంచి తన అన్నం డబ్బా తీసి చూపించింది. "నేను గూడ బస్సుల ఒక్కదాన్నే తింట. నర్సాపూర్ దాటినంక డబ్బ ఇప్పుత. సగం తిని మూస్త" అంది. ఆ రోజు నుంచి టమాట పప్పు కలిపి తెచ్చిన ఆ డబ్బా మా ఇంట్లోనే విప్పేది. నెలకు ఒక్క మధ్యాహ్నం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. మధ్యలో రెండు మూడు రోజులకోసారి ఒంటిగంటకు ఫోన్ చేసి, "తిన్నవా?" అని అడిగి పెట్టేసేది.

నాలుగేళ్ళు అట్లా గడిచాయి. ఒక నెల ఆమెకు బదులు వేరే నర్సు వచ్చింది. అక్క గుండెపోటుతో పోయి పన్నెండు రోజులయిందని చెప్పింది. ఆ పన్నెండు రోజులూ ఫోన్ రాలేదని నేను అలిగి కూర్చున్నాను. ఆమె ఇల్లు ఎక్కడో కూడా ఎన్నడూ అడగలేదు.

పరీక్షలు తప్పకుండా చేయించుకుంటున్నాను. పొటాషియం సరిగానే ఉంటోంది. ఇల్లు మాత్రం అట్లాగే నిశ్శబ్దంగా ఉంది. వండబుద్ధి కాని రోజులు ఇప్పటికీ చాలానే ఉంటాయి. ఆ రోజుల్లో కూడా లేచి పొయ్యి వెలిగిస్తాను. పీట వేసుకుని కూర్చుంటాను. కంచం ఖాళీ అయ్యేదాకా లేవను.