అక్క మాట పక్కింటామెకు ఇచ్చాను

ఏడిపించే కథ ఎవరైనా రాస్తారు. నవ్వించే కథ రాయడానికి కూర్చుంటే తెలుస్తుంది బాధ! మా బాపు పుణ్యమా అని నాకొకటి దొరికింది.

మేం కొత్తగూడలో ఉన్నప్పుడు బాపు పాత స్కూటర్ కొన్నాడు. అమ్మను ఎక్కించుకుని మహబూబాబాద్ పోయి, తౌడు బస్తా కొని, దాన్ని ఇద్దరి మధ్య పెట్టుకుని బయలుదేరాడు. పెట్రోల్ బంకులో అమ్మ దిగింది. బాపు పెట్రోల్ పోయించుకుని, వీపుకు తగిలేది అమ్మే అనుకుని, ఇంటిదాకా బస్తాతో ముచ్చట పెడుతూ వచ్చేశాడు. చాలాసేపటికి అమ్మ ఆటోలో దిగింది.

"ఎనుక నా సప్పుడు లేకుంటె జర తిరిగి సూడవా?"

"అలిగి పలుకుతలేవనుకున్న. నిమ్మలంగుండె, కదిలియ్యలే."

ఇదీ కథ. ఆదివారం పత్రికకు పంపే ముందు అక్కకు వినిపించాలని జనగామలో పొద్దున్నే బస్సెక్కి రేగొండ పోయాను. రెండేళ్ల కిందట బావ పోయాడు. అప్పట్నుంచి అక్క ముందు గట్టిగా నవ్వాలన్నా మాకు భయమే. ఈ కథకు అక్క నవ్వకపోతే పంపేదే లేదనుకున్నాను.

అక్క మిరపకాయల తొడిమెలు తీస్తూ వింది. బాపు బస్తాతో మాట్లాడుతుంటే మూతి బిగబట్టింది. బాపు ఇంటికి రాగానే పక్కింటామె, "వదిననిచ్చి తౌడు తెచ్చినవా అన్నా?" అని అడిగే చోట చేతులాపేసింది.

"గామె ఎవలే?"

"ఎవలో ఒకామె."

"'అమ్మనిచ్చి తౌడు తెచ్చినవా బాపు?' అన్నది నేను గాదా?"

దొరికిపోయాను. "నువ్వే అక్కా. గని నిన్ను వెట్టి నలుగురిని నవ్విస్తే మంచిగుంటదా అని..."

"మీ బావ పోయిండని ఏడ్చిన. ఇంక గూడ ఏడుస్త. గంతమాత్రాన నేనెన్నడు నవ్వియ్యలేదా? మిరపకాయలు ఏర వోయి వచ్చి, ఆసామి గొంతు చించుకోని ఎట్ల ఒర్రిండో చేసి సూపిస్తే కడుపులు వట్టుకున్నది ఎవలే?"

మేమే. ఎండలో కూలి చేసి వచ్చి కూడా, అందరి గొంతులూ తానే పలికి మమ్మల్ని పడీపడీ నవ్వించేది. కథ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎవరి మాట ఎక్కడ ఆపాలో ఆ సాయంత్రాల్లోనే నేర్చుకున్నాను. ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

అక్క గొంతు తగ్గించింది. "మీ బావనైతే తేలేవు. నా మాటన్న నాకియ్యే."

పక్కింటామెను అక్కడికక్కడే కలంతో కొట్టేసి అక్కను రాశాను. అక్క కళ్లొత్తుకుని, కొంగు నడుముకు చెక్కుకుంది. "మల్ల సదువు. నా జాగ రాంగనే ఆగు. నా మాట నేనే అంట."

బాపు వాకిట్లో స్కూటర్ ఆపేదాకా చదివి ఆగాను. అక్క తన మాట తానే అంది. ఆమే ముందు నవ్వింది, పెద్దగా, తలుపులు తీసున్నా లెక్కచేయకుండా.