వాయవ్య మూలకి జరిపిన కంప్యూటరు

మొగల్తూరులో చేపలమ్మే మరిడమ్మ కూతురు లక్ష్మీదుర్గ బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి, నరసాపురంలో ఒక రొయ్యల ల్యాబులో చేరింది. ఆ ఉద్యోగం మరిడమ్మకి ఇప్పటికీ అంతుపట్టదు. "నీళ్ళల్లో దిగకుండా రొయ్యల పనేంటే?" అంటుంది.

ఆ వారం దుర్గకీ అదే అనుమానం వచ్చింది. జబ్బుని తట్టుకున్న రొయ్యల జన్యువుల్లో తేడా ఏమిటో ఆమె చూడాలి. అందుకు ముందుగా రొయ్య జన్యుక్రమం మొత్తానికీ కంప్యూటరు చేత ఇండెక్సు కట్టించాలి, లావుపాటి పుస్తకం చివర పట్టిక ఉన్నట్టు. రెండు గంటల పని. సోమవారం మొదలుపెడితే గురువారానికి కూడా తెర మీద 'ఇండెక్సు తయారవుతోంది' అన్న అదే వాక్యం ఉంది.

ల్యాబు యజమాని పెద్దిరాజు గారు రోజూ వచ్చి కంప్యూటరు మీద చెయ్యి వేసి జ్వరం చూసేవారు. మంగళవారం వేడి అన్నారు, ఏసీ పెంచారు. బుధవారం వైరస్ అన్నారు. గురువారం గది నాలుగు మూలలూ చూసి తేల్చేశారు.

"నైరుతిలో పెడితే ఏది కదులుద్దమ్మా? వాయవ్యంలో పెట్టండి, గాలిలా పోద్ది."

"ఆపితే మూడు రోజుల పని పోతుందండి."

"మూడు రోజుల్నుంచీ అదేం చేసిందని పోడానికి?"

బల్ల జరిపి, వైర్లు లాగేసరికి పూట గడిచింది. ఊరికే కూర్చోలేక దుర్గ ఆ సాఫ్టువేరు మాన్యువల్ తెరిచింది. సంగతి అందులోనే ఉంది. ఆమె దగ్గరున్న జన్యుక్రమం లక్షన్నర ముక్కలుగా ఉంది. ముక్క ఎంత చిన్నదైనా ప్రోగ్రాము దానికి ఒకే కొలత పెద్ద గది కేటాయిస్తోంది. మెమరీ నిండిపోయి కంప్యూటరు ఊపిరాడక కొట్టుకుంటోంది. గది కొలత చెప్పే అంకె పద్దెనిమిది; అది ఒకటి తగ్గితే గది సగమవుతుంది. దాన్ని పదమూడు చేసి మళ్ళీ నడిపింది. నాలుగింటికల్లా ఇండెక్సు తయారు.

పెద్దిరాజు గారి ముఖం వెలిగిపోయింది. "చూశావా, వాయవ్యం."

దుర్గకి ఒళ్ళు మండింది. "వాయవ్యం కాదండి. పద్దెనిమిదిని పదమూడు చేశాను. మాన్యువల్లో రాసుంది." ఆ పేజీ చూపించి, ముక్కల సంగతీ గదుల సంగతీ విడమర్చి చెప్పింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా విన్నారు. అర్థమైంది కూడా.

"మరి ఇది సోమవారమే చదవలేకపోయావా అమ్మా?"

దుర్గ మాన్యువల్ మూసేసింది. జబ్బుని తట్టుకున్న రొయ్యల జన్యువులని ఆ ఇండెక్సుతో పోల్చే పని మొదలుపెట్టింది. తెర మీద పోల్చినవాటి లెక్క చకచకా పెరుగుతుంటే ఇద్దరూ కాసేపు చూస్తూ నిలబడ్డారు.